మోషన్లు కాదు, మూత్రం లెక్కపెట్టండి

పసిపిల్లలకి కడుపులో వైరస్ చేరితే మొదటి మూడు రోజులు ఇల్లంతా ఒక్కటై నిలబడుతుంది. వాంతులు తగ్గుతాయి, జ్వరం దిగుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. అసలు చిక్కు ఆ తర్వాత మొదలవుతుంది. ఆరో రోజు పలచగానే పోతుంది, తొమ్మిదో రోజూ అంతే. ఇంట్లో ఓపిక నశిస్తుంది. పాలు మారుస్తారు, డాక్టర్ని మారుస్తారు, మెడికల్ షాపులో అడిగి ఏదో సిరప్ తెస్తారు, అన్నం ఆపేసి గ్లూకోజు నీళ్లు పడతారు. ఈ వ్యాసం ఆ రెండో వారం గురించి. నా వాదన సూటిగా చెబుతాను: ఆ రెండో వారంలో బిడ్డకి ఎక్కువ హాని చేసేది పస్తు. మోషన్ల సంఖ్య చూసి భయపడి మనం పస్తు పెడతాం, ఆ పస్తు వల్లే పేగు త్వరగా మానదు.

సాధారణంగా ఇది ఎలా నడుస్తుందో ముందు చూద్దాం. రోటా, నోరో, అడినో, ఆస్ట్రో అని ఈ వైరస్‌లలో చాలా రకాలున్నాయి. వాంతులు ఒకటి రెండు రోజులు, నీళ్ల విరేచనాలు ఐదారు రోజులు ఉంటాయి. చాలామంది పిల్లల్లో వారంలో తగ్గుతాయి, దాదాపు అందరిలో రెండు వారాల్లోపు ఆగుతాయి. పద్నాలుగు రోజులు దాటినదాన్నే వైద్యులు దీర్ఘకాలిక విరేచనాలు అంటారు. కాబట్టి పదో రోజున మోషన్ ఇంకా గట్టిపడలేదంటే కేసు చేయి జారినట్టు కాదు. రోజుకి పన్నెండు సార్లు పోయినది ఆరుకి, ఆరు నాలుగుకి దిగుతూ, బిడ్డ ఆడుకుంటూ, మూత్రం పోస్తూ ఉంటే దారి సరిగ్గానే ఉంది.

ఎందుకు సాగుతుందో తెలిస్తే సగం భయం పోతుంది. చిన్నపేగు లోపలి గోడ మఖ్మల్ గుడ్డలా ఉంటుంది, కంటికి కనపడనంత సన్నటి నూగుతో. వైరస్ దెబ్బతీసేది ఆ నూగు కొనల్ని. పాలలోని చక్కెర, అంటే లాక్టోజ్‌ని అరిగించే లాక్టేజ్ అనే ఎంజైము ఉండేది సరిగ్గా ఆ కొనల మీదే. కొనలు రాలిపోతే పాల చక్కెర అరక్కుండానే పెద్దపేగులోకి జారుతుంది. అక్కడి బాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. గ్యాసు, ఆమ్లం పుడతాయి, నీళ్లు పేగులోకి లాగబడతాయి. అందుకే రెండో వారంలో మోషన్ నురగగా, పుల్లటి వాసనతో, చిన్నపాటి పేలుడులా శబ్దం చేస్తూ వస్తుంది. పిర్రలు ఎర్రగా ఒరిసిపోతాయి. వైరస్ పెట్టిన మంట చల్లారినా పుండు మానడానికి సమయం పడుతుందన్నమాట. కొత్త కణాలు అడుగు నుంచి పైకి వస్తూనే ఉంటాయి, నూగు పూర్తిగా తేరుకోవడానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టవచ్చు. ఆ కణాలకి ముడిసరుకు తిండే. పేగులోకి ఏమీ రాకపోతే నూగు ఇంకా పలచబడుతుంది.

"పేగుకి కొంచెం రెస్ట్ ఇయ్యాలె, రెండు దినాలు పాలు ఆపు బిడ్డా" అని అత్తమ్మ అంటే, ఆమె ప్రేమతోనే అంటుంది. ఆమె కళ్లముందు జరిగేది కూడా అలాగే ఉంటుంది: బిడ్డ రొమ్ము వదిలిన ఐదు నిమిషాల్లో డైపర్ నిండుతుంది. "తాగింది తాగినట్టే పోతున్నది" అనిపిస్తుంది. నిజానికి అది అప్పుడు తాగిన పాలు కావు. పొట్టలో ఏదైనా పడగానే పెద్దపేగు ముడుచుకుని, అప్పటికే కింద ఉన్నదాన్ని బయటికి తోస్తుంది. పసిపిల్లల్లో ఈ స్పందన సహజంగానే ఎక్కువ. ఇప్పుడు తాగిన పాలు ఇంకా పైనే ఉన్నాయి, వాటిలో ఎక్కువ భాగం ఒంటికి పడుతుంది కూడా. ఈ ఒక్క విషయం అత్తమ్మకి నెమ్మదిగా వివరించగలిగితే చాలా పస్తులు తప్పుతాయి.

మరి లెక్కపెట్టాల్సింది ఏమిటి? మూత్రం, బరువు. బాగున్న పసిబిడ్డ రోజుకి ఆరు, అంతకన్నా ఎక్కువ సార్లు మూత్రం పోస్తుంది. జబ్బులో తగ్గుతుంది, కానీ ఆరు గంటలపాటు అసలు పోయకపోతే అది హెచ్చరిక. చిక్కేమిటంటే ఇప్పటి జెల్ డైపర్లు తడిని మింగేసి పొడిగానే కనిపిస్తాయి. పైగా నీళ్ల మోషన్‌కీ మూత్రానికీ తేడా తెలియదు. దీనికి చవకైన ఉపాయం ఉంది. అరచేతిలో సగం ఉండేంత దూదిని డైపర్ ముందు భాగంలో పెట్టండి. రెండు మూడు గంటలకోసారి తీసి వేళ్లతో నొక్కండి. లేత పసుపు తడి కనిపిస్తే మూత్రం వచ్చినట్టు. ముదురు పసుపైతే నీళ్లు చాలడం లేదు. ఆడపిల్లల్లో మోషన్ ముందుకి పాకి దూది పాడవుతుంది, అందుకని పగటిపూట కొన్ని గంటలు డైపర్ తీసేసి రబ్బరు షీటు మీద పాత నూలుచీర మడత పరిచి పడుకోబెట్టడం మేలు. ఒరిసిన చర్మానికి గాలీ తగులుతుంది. సెల్ ఫోన్‌లోనో క్యాలెండర్ వెనకాలో గంటతో సహా రాసుకోండి. డాక్టర్ మొదట అడిగే ప్రశ్న "చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది?" అనే. ఆ జవాబు లేకపోతే ఆయన చేతిలో సగం సమాచారం లేనట్టే.

బరువు ఇంకా నిజం చెబుతుంది. రోజూ ఒకే కాటా మీద, ఒకే వేళకి, బట్టలు లేకుండా తూచాలి. రెండు రోజుల్లో బరువు ఐదు శాతం పడిపోయిందంటే, అంటే ఎనిమిది కిలోల బిడ్డ 400 గ్రాములు తగ్గిందంటే, ఒంట్లో నీళ్లు తగ్గినట్టే. పది శాతానికి చేరితే ప్రాణం మీదికి వచ్చినట్టు. బొద్దుగా ఉన్న పిల్లల్లో చర్మం గిల్లి చూసే పరీక్ష మోసం చేయవచ్చు, కాటా అంత తేలిగ్గా మోసం చేయదు.

ఇక ఓఆర్ఎస్, అంటే ఉప్పూ గ్లూకోజూ కొలతతో కలిపిన నీళ్లు. దీని వెనక ఉన్న సంగతి చిన్నదే కానీ అద్భుతమైనది. పేగు గోడలో ఒక ద్వారం ఉంటుంది, గ్లూకోజూ ఉప్పూ కలిసి వస్తేనే అది తెరుచుకుంటుంది. ఉప్పు లోపలికి వెళితే నీళ్లు దాని వెంట వెళతాయి. విరేచనాలు ఎంత ఉధృతంగా ఉన్నా ఈ ద్వారం చాలావరకు పనిచేస్తూనే ఉంటుంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో సెలైన్ సీసాలు అయిపోతే, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఈ నీళ్లనే డ్రమ్ముల్లో కలిపి కలరా రోగులకి తాగించి వేలమందిని కాపాడారు. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పే కొలత లీటరుకి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సోడియం సిట్రేట్ 2.9. మొత్తం 20.5 గ్రాములు. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఈ అంకెలు చదవండి.

ఎందుకు చదవాలంటే, ఏళ్ల తరబడి మెడికల్ షాపుల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న తియ్యటి డబ్బా పానీయాలు అసలు ఓఆర్ఎస్ పక్కనే కూర్చున్నాయి. వాటిలో చక్కెర దీనికి ఎన్నో రెట్లు. అంత చక్కెర పేగులోకి వెళితే నీళ్లు ఒంట్లోకి కాదు, ఒంట్లోంచి పేగులోకి వెళతాయి. మోషన్లు పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్లపాటు ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థ, డబ్ల్యూహెచ్‌ఓ సూత్రానికి సరిపోని పానీయాల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని ఆదేశించింది. ఆమెకి ఈ ఊరి తల్లులందరం రుణపడి ఉన్నాం. అయినా షాపులో "ఓఆర్ఎస్ ఇయ్యన్నా" అని అడిగి ఊరుకోకండి, "డబ్ల్యూహెచ్‌ఓ పౌడర్ ప్యాకెట్" అని అడిగి, తిప్పి చదివి తీసుకోండి. బస్తీ దవాఖానాల్లో, అంగన్‌వాడీల్లో, ఆశా కార్యకర్తల దగ్గర ఇది ఉచితం.

కలపడంలోనే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పెద్ద ప్యాకెట్ ఒక లీటరుకి, చిన్నది 200 మిల్లీలీటర్లకి. ఇంట్లో స్టీలు గ్లాసు ఒక్కొక్కటి ఒక్కో కొలత, కాబట్టి గ్లాసుతో కొలవద్దు. పాలసీసా మీది గీతలతోనో, లీటరు నీళ్ల బాటిల్‌తోనో కొలవండి. పెద్ద ప్యాకెట్‌ని కళ్లతో అంచనా వేసి పావు భాగం ఒంపడం ప్రమాదం: చిక్కగా అయితే రక్తంలో ఉప్పు పెరిగి మెదడుకి ముప్పు, పలచనైతే పని చేయదు. మరిగించి చల్లార్చిన నీళ్లలో కలపాలి, కలిపాక మళ్లీ మరిగించకూడదు. పాలలో, జ్యూసులో కలపకూడదు, రుచికి పంచదార వేయకూడదు. మూత పెట్టి ఉంచితే 24 గంటలు వాడవచ్చు, మిగిలింది పారబోయాలి. పసిబిడ్డకి చిన్న ప్యాకెట్లే సరి, వృథా తక్కువ.

పట్టే పద్ధతి: రెండు నెలల నుంచి రెండేళ్ల లోపు బిడ్డకి ప్రతి పలచటి మోషన్ తర్వాత 50 నుంచి 100 మిల్లీలీటర్లు. సీసాతో గటగటా కాదు. దాహంతో ఉన్న బిడ్డ సీసా దొరికితే ఒక్క గుక్కలో లాగేస్తుంది, పొట్ట ఉబ్బి అంతా కక్కేస్తుంది, మనం "ఓఆర్ఎస్ పడటం లేదు" అని రాసుకుంటాం. ఐదు మిల్లీలీటర్ల చెంచా తీసుకోండి. బిడ్డని తల కాస్త ఎత్తుగా ఒళ్లో పడుకోబెట్టుకుని, చెంచా కింది పెదవికి ఆనించి, చెంప వైపు కొద్దికొద్దిగా వంచండి. మింగాక గడియారం చూసి రెండు నిమిషాలకి ఇంకోటి. ఇలా గంటకి 30 చెంచాలు, అంటే 150 మిల్లీలీటర్లు. నీళ్లు కొంత తగ్గిన బిడ్డకి నాలుగు గంటల్లో కిలోకి 75 మిల్లీలీటర్లు పట్టాలన్నది ప్రమాణం. ఎనిమిది కిలోల బిడ్డకి అది 600, సరిగ్గా ఇదే వేగం. ఆ స్థితిలో డాక్టర్ కనిపెట్టి ఉండాలి, కానీ చేసే పని మాత్రం ఇదే చెంచా పని. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, ఐదు నిమిషాలకో చెంచాతో మళ్లీ మొదలుపెట్టండి. నలుగురు వంతులేసుకుంటేనే ఇది సాగుతుంది. ఒక్క తల్లి మీద వదిలేస్తే రెండో గంటకే చేయి ఆగుతుంది, ఆ ఇంట్లో బిడ్డ సెలైన్ దాకా వెళుతుంది.

జింకు గురించి మనవాళ్లు పట్టించుకోరు. ఆరు నెలల లోపు బిడ్డకి రోజుకి 10 మిల్లీగ్రాములు, పైబడితే 20, మొత్తం పద్నాలుగు రోజులు. మోషన్ ఆగినా సరే పద్నాలుగూ పూర్తి చేయాలి, నూగు తిరిగి మొలిచేది ఆ రోజుల్లోనే. బిళ్లైతే చెంచాడు తల్లిపాలలోనో ఓఆర్ఎస్‌లోనో కరిగించండి. సిరప్ అయితే సీసా మీద ఐదు మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములుందో చూడండి, కంపెనీని బట్టి మారుతుంది. లోహపు రుచి వల్ల ఖాళీ కడుపున ఇస్తే కక్కవచ్చు. అరగంటలోపు కక్కితే మళ్లీ ఇవ్వాలి.

తిండి దగ్గరికి వద్దాం. తల్లిపాలు ఏ పరిస్థితిలోనూ ఆపొద్దు. వాటిలో లాక్టోజ్ ఉంది, నిజమే. అయినా ఆ పాలలో ఉన్న రక్షణ పదార్థాలు, పేగుని మాన్పే అంశాలు ఏ డబ్బాలోనూ రావు. ఇంకా తరచుగా, కొంచెం కొంచెంగా పట్టండి. డబ్బాపాలు తాగే బిడ్డకి పాలు పలచన చేయొద్దు, డబ్బా మీద రాసిన కొలతే ఉండాలి. నీళ్లు ఎక్కువైతే బలం తగ్గుతుందే తప్ప మోషన్ తగ్గదు. ఆరు నెలలు దాటితే మెత్తటి పెసరపప్పు అన్నం, రెండు చుక్కల నెయ్యో నూనెతో. పెరుగన్నం కమ్మని పెరుగుతో, ఎందుకంటే తోడుకునేటప్పుడే లాక్టోజ్ కొంత విరిగిపోతుంది. మెత్తగా చిదిమిన అరటిపండు, ఉడికించిన ఆలుగడ్డ, ఇడ్లీ, అలవాటున్న బిడ్డకి రాగిజావ. ఒట్టి సగ్గుబియ్యం జావ మీద నాలుగు రోజులు ఉంచడం నాకు అస్సలు నచ్చదు, అందులో పిండి తప్ప మాంసకృత్తులు లేవు. కొబ్బరినీళ్లలో పొటాషియం ఉంది కానీ సోడియం చాలదు, ఓఆర్ఎస్ చోటులో అది సరిపోదు. గ్లూకోజు పొడి, పళ్లరసం, గ్రైప్ వాటర్ పక్కన పెట్టండి. కడుపు శుభ్రం కావాలని ఆముదం పట్టడం, రాయి మీద వసకొమ్ము అరగదీసి నాకించడం దయచేసి మానండి. ఆముదం విరేచనకారి, వసకొమ్ము వాంతులు పెంచుతుంది. పళ్లు వస్తున్నాయి కాబట్టి పోతున్నదనుకుని ఊరుకోవడం కూడా అంతే ప్రమాదం. ఆ వయసులో పిల్లలు చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటారు, సూక్ష్మజీవులు వెళ్లేది ఆ దారినే.

మందుల విషయం. విరేచనాలు ఆపడానికి పెద్దవాళ్లు వాడే లోపెరమైడ్ బిళ్ల ముక్క కూడా పసిపిల్లలకి తగలకూడదు, పేగు కదలిక ఆగి పొట్ట ఉబ్బి ప్రాణం పోవచ్చు. యాంటీబయాటిక్ వైరస్ మీద పనిచేయదు. పైగా దానివల్లే ఇంకో వారం మోషన్లు సాగవచ్చు. మూడో రోజు ఒక డాక్టర్, ఐదో రోజు ఇంకొకరు, ఏడో రోజు మరొకరు అని తిరిగితే ప్రతివారూ ఏదో ఒకటి కలుపుతారు. ఒక్క డాక్టర్ దగ్గరే ఉండి, రాసిన లెక్కలు చూపించి అడగండి.

"లాక్టోజ్ లేని పాలు మొదలుపెట్టమంటారా?" అనేది రెండో వారంలో సబబైన ప్రశ్న. తల్లిపాలు తాగే బిడ్డకి సాధారణంగా అక్కర్లేదు. డబ్బాపాల బిడ్డలో నురగ, పులుపు, పిర్రల ఎరుపు, బరువు పెరగకపోవడం కలిసి కనిపిస్తే డాక్టర్ కొన్ని వారాలకి మార్చవచ్చు, తర్వాత మామూలు పాలకి తిరిగి రావాలి. మల పరీక్ష రాస్తే నమూనా తీయడం జాగ్రత్త. పాలచక్కెర అరగలేదని చెప్పే గుర్తులు మోషన్‌లోని నీళ్ల భాగంలోనే ఉంటాయి, ఆ నీళ్లని డైపర్ పీల్చేస్తుంది. మిగిలిన ముద్ద పంపితే ల్యాబ్ నార్మల్ అని రాస్తుంది. డైపర్‌ని తిరగేసి ప్లాస్టిక్ వైపు ఒంటికి తగిలేలా కట్టండి, లేదా లోపల శుభ్రమైన పాలిథిన్ పరవండి. నీళ్లని డబ్బాలోకి ఒంపి గంటలోపు ల్యాబ్‌కి చేర్చండి. ఆలస్యమైతే డబ్బాలోనే చక్కెర పులిసిపోతుంది.

కొన్నిసార్లు సాగుతున్నది ఒక్క వైరస్ కాదు. క్రెష్‌కి వెళ్లే పిల్లల్లో ఒకటి మానకముందే ఇంకొకటి అంటుకుంటుంది. మధ్యలో నాలుగు మంచి రోజులుండి మళ్లీ వాంతితో మొదలైతే అది కొత్త జబ్బు. ఆగిపోయాక 48 గంటలు గడిచేదాకా క్రెష్‌కి పంపకండి. శానిటైజర్‌ని నమ్ముకోవద్దు, నోరో వైరస్ దానికి లొంగదు. సబ్బు, పారే నీళ్లు, ఇరవై సెకన్లు, గోళ్ల కింద కూడా. మోషన్ పడిన నేలని మొదట తుడిచి, తర్వాత లీటరు నీళ్లకి 20 నుంచి 25 మిల్లీలీటర్ల బ్లీచింగ్ ద్రావణం కలిపి తడిపి పది నిమిషాలు వదలండి, కిటికీలు తెరిచి. బాగుపడ్డాక కూడా రెండు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ, మలంలో వైరస్ వస్తుంది. డైపర్ మార్చిన చేతులే కూర తరగకుండా ఇంట్లో పని పంచుకోండి.

నీళ్ల సంగతి మన హైదరాబాద్‌కి ప్రత్యేకం. రోజు విడిచి రోజు వచ్చే నల్లా, సంపు, పైన ట్యాంకు, వేసవిలో ట్యాంకర్. పాత బస్తీల్లో మంచినీటి పైపూ మురుగు పైపూ పక్కపక్కనే. నీళ్లు రాని గంటల్లో పైపు ఖాళీ అయి బయటి మురుగుని లోపలికి పీలుస్తుంది. అందుకే నల్లా వదలగానే వచ్చే మొదటి నీళ్లు పట్టొద్దు. రంగు, వాసన మారితే జలమండలికి 155313 నంబరులో ఫిర్యాదు చేయండి. ఇరవై లీటర్ల క్యాన్ నీళ్లైనా, ఆర్‌వో నీళ్లైనా బిడ్డకోసం బుడగలు గలగలమనేలా ఒక నిమిషం మరిగించాల్సిందే.

రోటా టీకా వేయించాం కదా అంటారు. 2015లో విడుదలైన రోటావాక్ మన జీనోమ్ వ్యాలీలో తయారైనదే, ఆరు, పది, పద్నాలుగు వారాలకి ఐదేసి చుక్కలు. అది తీవ్రమైన రోటా జబ్బుని బాగా తగ్గిస్తుంది, పూర్తిగా ఆపదు. మిగతా వైరస్‌ల మీద దాని ప్రభావం లేదు. వేయించడం మాత్రం తప్పనిసరి.

ఇవి కనిపిస్తే ఇంట్లో ఉండొద్దు: ఆరు గంటలు దాటినా మూత్రం లేకపోవడం, మాడు గుంట పడటం, కళ్లు లోతుకి పోవడం, ఏడిస్తే కన్నీళ్లు రాకపోవడం, పిలిచినా కళ్లు తెరవక మగతగా ఉండటం, పొట్ట చర్మం గిల్లి వదిలితే రెండు సెకన్లకి కూడా సర్దుకోకపోవడం, మోషన్‌లో రక్తం, ఆకుపచ్చటి వాంతి, ఏమీ తాగలేకపోవడం. మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీల జ్వరం వస్తే వేరే గుర్తులకోసం ఆగొద్దు. రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆసుపత్రిలో రాత్రీ పగలూ పిల్లల అత్యవసర విభాగం ఉంటుంది, 108 పిలిస్తే వస్తుంది. దారిలో చెంచా ఆపకండి, బిడ్డ మెలకువగా ఉండి మింగగలిగినంత సేపూ. పద్నాలుగు రోజులు దాటినా పలచగా ఉంటే, బరువు నిలిచిపోతే, మళ్లీ చూపించాలి. జియార్డియా అనే పరాన్నజీవి, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆవుపాల ప్రోటీన్ పడకపోవడం అప్పుడు వెతకాల్సినవి.

మోషన్ గట్టిపడ్డాక కూడా రెండు వారాలు రోజుకి ఒక పూట తిండి అదనంగా పెట్టండి, మామూలు పూటలకి పైన. సాయంత్రం నాలుగింటికి నెయ్యి వేసిన పప్పన్నం ఒక చిన్న గిన్నె చాలు. జబ్బుకి ముందు రోజు కాటా చూపించిన అంకె మళ్లీ కనిపించేదాకా ఆ గిన్నె ఆపొద్దు.